పాఠకుడికి ఇంత చాకిరీ దేనికి?

2005 అక్టోబరులో యాహూ, ఇప్సోస్ ఇన్‌సైట్ సంస్థలు కలిసి ఒక సర్వే ఫలితాలు బయటపెట్టాయి. ఇంటర్నెట్ వాడేవారిలో ఆర్‌ఎస్‌ఎస్ గురించి విన్నవాళ్లు 12 శాతం. తెలిసి వాడుతున్నవాళ్లు 4 శాతమే. అక్కడితో ఆగితే, ఈ సాంకేతికత మామూలు జనానికి ఎక్కలేదని తేల్చేయొచ్చు. చాలామంది అలాగే తేల్చేశారు కూడా. కానీ అదే సర్వేలో మరో అంకె ఉంది. మై యాహూ, మై ఎంఎస్‌ఎన్ వంటి పేజీల్లో తమకు కావలసిన వార్తల పెట్టెలు అమర్చుకుని, వాటి వెనక పనిచేస్తున్నది ఆర్‌ఎస్‌ఎస్సేనని తెలియకుండానే చదువుతున్నవాళ్లు 27 శాతం. అంటే తెలిసి వాడినవాళ్లకు దాదాపు ఏడు రెట్ల మంది తెలియకుండా వాడారన్నమాట. జనానికి ఈ సౌకర్యం అక్కర్లేదన్న మాట నిజమైతే ఆ 27 శాతం ఎక్కడి నుంచి వచ్చినట్టు? ఇరవై ఏళ్లు గడిచినా ఫీడు రీడర్లు కంప్యూటర్ పనివాళ్ల సరుకుగానే మిగిలిపోవడానికి కారణం ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే దొరుకుతుంది. యంత్రం చేయాల్సిన పనిని యంత్రమే చేసిన చోట జనం వాడారు. ఆ పనిని తమ నెత్తిన పెట్టిన చోట వదిలేశారు. కాబట్టి ఫీడు రీడరును సులభం చేయడమంటే జనానికి పాఠాలు చెప్పడం కాదు, ఆ పనిని తిరిగి యంత్రానికి అప్పజెప్పడం.

ఇంతకీ ఫీడు అంటే ఏమిటి? ఒక వెబ్‌సైటు తనలో కొత్తగా వచ్చినవాటి జాబితాను యంత్రాలకు అర్థమయ్యేలా రాసిపెట్టే చిన్న ఫైలు. దాన్ని రాసే పద్ధతుల్లో ఒకటి ఆర్‌ఎస్‌ఎస్. ఒక్కో అంశానికి శీర్షిక, లింకు, తేదీ, సారాంశమో మొత్తం వ్యాసమో, ఇంకో అంశంతో కలిసిపోకుండా ఒక గుర్తు ఉంటాయి, అంతే. వర్డ్‌ప్రెస్ మీద నడిచే సైటు ఎవరూ అడగకపోయినా ఇలాంటి ఫైలును తయారుచేసి, మామూలుగా చివరి 10 టపాలను అందులో ఉంచుతుంది. రీడరు అనే సాఫ్ట్‌వేర్ మనం ఎంచుకున్న సైట్ల ఫీడ్లను కొంతసేపటికొకసారి వెళ్లి చూసి వస్తుంది. పోయినసారి వచ్చిన తర్వాత ఏమైనా మారిందా అని సర్వరును అడుగుతుంది. మారకపోతే సర్వరు 304 అనే మూడంకెల జవాబుతో సరిపెట్టి, ఫైలు పంపకుండా ఊరుకుంటుంది. మారితే రీడరు కొత్తవాటిని తెచ్చి మన ముందు పెడుతుంది. నాలుగు పత్రికలకు చందా కట్టినవాళ్లు నాలుగు ఆఫీసుల చుట్టూ తిరగరు, పేపరబ్బాయే గుమ్మంలో వేసి పోతాడు. ఇదీ అలాంటి ఏర్పాటే. పైగా మన పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఏవీ ఆ సైటుకు ఇవ్వనక్కర్లేదు. ఏది ముందు, ఏది వెనక అని మధ్యలో ఎవరూ తీర్పు చెప్పరు. వద్దనుకున్న రోజున జాబితాలోంచి తీసేస్తే సరి, ఆ తర్వాత వాళ్లు మనల్ని వెంటాడే దారే ఉండదు.

వినడానికి ఇంత తేలికైన సంగతి ఆచరణలో ఎందుకు జటిలమైందో తెలియాలంటే దాని పుట్టుక దగ్గరికి వెళ్లాలి. 1999 మార్చిలో నెట్‌స్కేప్ సంస్థ తన మై నెట్‌స్కేప్ పేజీ కోసం ఆర్‌ఎస్‌ఎస్ మొదటి రూపాన్ని విడుదల చేసింది. దాన్ని తయారుచేసినవారు డాన్ లిబ్బీ, మద్రాసు ఐఐటీలో చదివిన రామనాథన్ గుహ. కొద్ది నెలల్లోనే దానికి సవరించిన రూపం వచ్చింది. తర్వాత నెట్‌స్కేప్ పట్టించుకోవడం మానేసింది. 2000 డిసెంబరులో ఒక బృందం 1.0 అని ఒక రూపాన్ని తెచ్చింది. దానితో సంబంధం లేకుండా డేవ్ వైనర్ అనే ప్రోగ్రామర్ తన దారిలో 0.92 తెచ్చి, 2002లో 2.0 విడుదల చేశారు. ఈ గొడవలతో విసిగినవాళ్లు ఆటమ్ అనే మరో రూపాన్ని మొదలుపెట్టారు, 2005 డిసెంబరుకు అది అధికారిక ప్రమాణమైంది. ప్రోగ్రామర్ల మధ్య వాదోపవాదాలు ఏ రంగంలోనైనా ఉండేవే. ఇక్కడి విచిత్రం ఏమిటంటే, ఆ వాదం పాఠకుడి తెర మీదికి వచ్చి కూర్చుంది. ఆ రోజుల్లో చాలా సైట్లలో ఒక పక్కన, ఫీడ్లను రాసే భాష పేరుతో ఎక్స్‌ఎంఎల్ అని ఒక నారింజరంగు బటన్, ఆర్‌ఎస్‌ఎస్ 1.0 అని ఒకటి, 2.0 అని ఒకటి, ఆటమ్ అని ఇంకొకటి వరసగా ఉండేవి. వంట చిట్కాల కోసం వచ్చిన మనిషి వీటిలో ఏది నొక్కాలి? నిజానికి ఏది నొక్కినా ఒకటే, రీడర్లన్నీ అన్నింటినీ చదవగలవు. ఆ సంగతి తెలిసినవాడికి ఆ ఎంపిక అక్కర్లేదు, తెలియనివాడికి ఆ ఎంపికే గోడ. 2005 చివర్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు వాడుతున్న నారింజరంగు తరంగాల గుర్తును మైక్రోసాఫ్ట్ కూడా స్వీకరించడంతో గుర్తయితే ఒకటే అయింది. దాన్ని నొక్కితే ఏం జరుగుతుందన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

నొక్కితే ఏమవుతుంది

ఈ రోజు క్రోమ్‌లో ఆ గుర్తు నొక్కి చూస్తే సంగతి బోధపడుతుంది. చాలా సైట్లలో తెర మీద ముందుగా ఒక ఇంగ్లిషు వాక్యం ప్రత్యక్షమవుతుంది. ఈ ఎక్స్‌ఎంఎల్ ఫైలుకు స్టైల్ సమాచారమేదీ జత చేసినట్టు లేదు, దాని నిర్మాణాన్ని కింద చూపుతున్నాం అని దాని సారాంశం. కింద కోణపు బ్రాకెట్ల మధ్య ఇరికించిన పదాలు, వాటి నడుమ అక్కడక్కడ ఒక వ్యాసం శీర్షిక. చూసినవాళ్లకు సైటు పాడైందేమో అనిపిస్తుంది, వెనక్కి వెళ్లిపోతారు. ముందుకు వెళ్లాలనుకున్నవాళ్లు ఆ పేజీ చిరునామాను కాపీ చేసుకోవాలి, రీడరు అనేది ఒకటి ఉంటుందని ముందే తెలిసి ఉండాలి, దాన్ని ఎక్కడో వెతికి ఎక్కించుకోవాలి, అందులో కొత్త ఫీడు చేర్చే చోటు కనుక్కోవాలి, అక్కడ ఆ చిరునామా అతికించాలి, ఏ ఫోల్డరులో పెట్టాలో చెప్పాలి. ఒక పత్రికను చదవాలన్న కోరికకూ, చదవడానికీ మధ్య ఇన్ని మెట్లు. ఇందులో మనిషి తెలివి అవసరమైన మెట్టు ఒక్కటే, నాకు ఈ సైటు కావాలి అనుకోవడం. మిగిలినవన్నీ యంత్రం చేయగలిగినవే. సైటు పేజీ లోపలే ఫీడు ఎక్కడుందో యంత్రానికి చెప్పే ఒక వరస రాసిపెట్టే పద్ధతి ఎన్నో ఏళ్లుగా ఉంది. బ్రౌజరు ఆ వరస చదివి, ఈ సైటును అనుసరిస్తారా అని ఒక్క బటన్ చూపితే పైన చెప్పిన మెట్లన్నీ మాయమవుతాయి.

యూట్యూబ్ సంగతి దీనికి మంచి ఉదాహరణ. అక్కడి ప్రతి చానెల్‌కూ ఫీడు ఉంది. కానీ ఆ ఫీడు చిరునామా అల్లాలంటే చానెల్ పేరు పనికిరాదు, దాని గుర్తింపు సంకేతం కావాలి. అది యూసీ అనే రెండు ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే 24 గుర్తుల పొడవాటి మాట. చానెల్ పేజీలో పైకి కనిపించేది మాత్రం మామూలు పేరు. నైపుణ్యం లేని రీడరు ఆ 24 గుర్తులు తెమ్మంటుంది. మంచి రీడరు మామూలు పేజీ చిరునామా ఇస్తే చాలు, లోపల వెతికి ఫీడును తనే పట్టుకుంటుంది. రెండింటి వెనకా ఉన్న సాంకేతికత ఒకటే, తేడా అంతా పని ఎవరి మీద పడుతోందన్న దగ్గరే. తెలుగు సైట్ల విషయంలో ఈ భారం ఇంకాస్త పెరుగుతుంది. తెలుగులో శీర్షికలున్న పేజీ చిరునామాను కాపీ చేసి వేరేచోట అతికిస్తే ఒక్కో యూనికోడ్ గుర్తూ శాతం గుర్తులతో కూడిన తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. ‘తెలుగు’ అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులున్నాయి కాబట్టి ఆ ఒక్క మాటే 54 గుర్తుల గొలుసవుతుంది. అలాంటి చిరునామాను కళ్లతో చూసి సరైనదో కాదో చెప్పడం ఎవరి తరమూ కాదు. చిరునామాలను మనిషి మోయాల్సిన ఏర్పాటు ఇంగ్లిషు పాఠకుడికి విసుగు తెప్పిస్తే, తెలుగు పాఠకుడిని అసలు లోపలికే రానివ్వదు.

యంత్రం పని యంత్రమే చేస్తే ఏమవుతుందో చూపిన ప్రయోగం ఇప్పటికే జరిగింది. దాని పేరు పాడ్‌కాస్ట్. 2000 డిసెంబరులో వైనర్ ఆర్‌ఎస్‌ఎస్‌లో ఒక చిన్న ఏర్పాటు చేర్చారు. ఫీడులోని అంశానికి ఆడియో ఫైలును జత చేయొచ్చు అన్నదే ఆ ఏర్పాటు. నాలుగేళ్ల పాటు అదీ తెలిసినవాళ్ల వినోదంగానే ఉంది. 2005 జూన్ చివర్లో ఆపిల్ తన ఐట్యూన్స్ 4.9లో పాడ్‌కాస్ట్‌లను చేర్చింది. వెతుక్కోవడానికి 3,000కు పైగా కార్యక్రమాల జాబితా, పక్కన చందా బటన్. రెండు రోజుల్లో పది లక్షల చందాలు దాటాయని ఆపిల్ ప్రకటించింది. వింటున్నవాళ్లలో ఎవరూ ఫీడు చిరునామా చూడలేదు, ఎక్స్‌ఎంఎల్ గురించి తెలుసుకోలేదు. ఈ రోజుకీ తెలుగు పాడ్‌కాస్టులు చేసేవాళ్లలో చాలామంది కార్యక్రమాలను వేర్వేరు యాప్‌లకు చేరవేస్తున్నది అదే పాత ఆర్‌ఎస్‌ఎస్. ఆ తర్వాత కూడా ఆపిల్ సులభతరం చేయడం ఆపలేదు. చందా అంటే డబ్బు కట్టాలేమో అని జనం వెనకాడకుండా 2021లో ఆ బటన్ పేరును ‘ఫాలో’గా మార్చింది. అంటే అక్షరాలకు ఒక గతి, ఆడియోకు ఒక గతి పట్టింది. రెంటికీ పునాది ఒకటే అయినప్పుడు, లోపం పునాదిలో ఉందనడం కుదరదు.

చదవనివాటి లెక్క

చేర్చుకోవడం సులభమైతే సగం పనే అయినట్టు. చేర్చుకున్న తర్వాత ఎదురయ్యే రెండో అడ్డంకి రీడర్ల రూపంలోనే ఉంది. 2002లో వచ్చిన నెట్‌న్యూస్‌వైర్ దగ్గర్నుంచి చాలా రీడర్లు ఈమెయిల్ ప్రోగ్రాముల పోలికలోనే తయారయ్యాయి. ఎడమ పక్క సైట్ల జాబితా, మధ్యలో శీర్షికలు, కుడి పక్క వ్యాసం, ప్రతి పేరు పక్కనా చదవనివి ఎన్నో చెప్పే అంకె. ఈమెయిల్‌కు ఆ అంకె సబబే, ఎందుకంటే అవతల ఒక మనిషి మన జవాబు కోసం చూస్తుంటాడు. ఫీడులో వచ్చిన వ్యాసం మన జవాబు కోసం చూడదు. నిన్నటి దినపత్రికలో ఆటల పేజీ చదవలేదని ఎవరూ బాధపడరు. కానీ అదే పేజీ పక్కన చదవనివి 1000 అని ఎర్రగా రాసిపెడితే అది బాకీలా కనిపిస్తుంది. గూగుల్ రీడరులో ఈ అంకె మొదట వంద దాటగానే 100+ అని ఆగిపోయేది, 2007లో దాన్ని 1000+ వరకు పెంచారు. వాడేవాళ్లు అడిగిన సౌకర్యమే అది. అయితే అడిగినవాళ్లు ఎవరు? అప్పటికే ఫీడ్లను వందల్లో చేర్చుకున్న అలవాటుపడ్డ పాఠకులు. వారం రోజులు ఊరెళ్లి వచ్చి, వేలల్లో బాకీ చూసి, రీడరునే మూసేసినవాళ్లు ఏమీ అడగరు, నిశ్శబ్దంగా మానేస్తారంతే. సాఫ్ట్‌వేర్ తయారీదారుకు వినిపించేది ఎప్పుడూ మిగిలినవాళ్ల గొంతే.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. వార్తలు నదిలా పారిపోనివ్వాలి, ఒడ్డుకు వచ్చినప్పుడు కనిపించినవి చదువుకోవాలి, పోయినవి పోనివ్వాలి అని వైనరే ఏనాడో వాదించారు. నది పద్ధతిలోనూ ఒక చిక్కుంది. రోజుకు వందల వార్తలు పెట్టే దినపత్రిక ఫీడు, నెలకోసారి వచ్చే పత్రిక ఫీడు ఒకే నదిలో కలిపితే చిన్నది కొట్టుకుపోతుంది. 1998 నుంచి వస్తున్న ‘ఈమాట’ వంటి అంతర్జాల సాహిత్య పత్రికను తీసుకోండి. దేశవిదేశాల్లో చెల్లాచెదురుగా ఉన్న తెలుగు పాఠకులకు అలాంటి పత్రిక కొత్త సంచిక వచ్చిందని తెలియడమే ఫీడు వల్ల కలిగే అసలు లాభం. దినపత్రిక ఎలాగూ రోజూ కళ్లబడుతుంది, అప్పుడప్పుడూ రాసేవాళ్లే మరుపున పడతారు. కాబట్టి సామాన్యుల రీడరు ఒక్కో సైటు ఎంత తరచుగా రాస్తుందో తనే గమనించాలి. అరుదుగా వచ్చేదాన్ని పైన ఉంచాలి, కొన్నాళ్లు అక్కడే నిలపాలి. వరదలా వచ్చేదాన్నుంచి కొన్ని శీర్షికలు చూపి, మిగతాది అడిగినప్పుడే విప్పాలి. ఇందుకు పెద్ద గణితం అక్కర్లేదు, ప్రతి అంశానికీ ఫీడులో తేదీ ఉండనే ఉంది. ఆ తేదీలను లెక్కించే పని కూడా ఇన్నాళ్లూ పాఠకుడి మీదే పడింది. ఫోల్డర్లు చేసుకో, ముఖ్యమైనవాటికి చుక్క పెట్టుకో, మిగతావి చదివినట్టు గుర్తు పెట్టేసుకో అని.

మూడో అడ్డంకి ఖాళీ తెర. కొత్తగా రీడరు తెరిచినవాళ్లకు కనిపించేది ఏమీ లేని పేజీ, ఫీడు చేర్చండి అన్న మాట. ఏ ఫీడు? ఎక్కడిది? ఇక్కడ తెలుగువాళ్లకు సొంత అనుభవమే ఉంది. 2000ల మధ్య కాలంలో తెలుగు బ్లాగులు పుంజుకున్నాక కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు వచ్చాయి. ఇవి తెలుగు బ్లాగుల ఫీడ్లను ఒకచోట చేర్చి, కొత్త టపా పడగానే దాని శీర్షికను తమ పేజీలో చూపేవి. పాఠకుడు చేయాల్సింది ఆ పేజీ తెరవడమే. అలా ఎందరో తెలుగు పాఠకులు ఆర్‌ఎస్‌ఎస్ పేరు వినకుండానే దాని ఫలం అందుకున్నారు. యాహూ సర్వేలోని ఆ 27 శాతానికి మన దగ్గరి రూపం అదే. అభిరుచి ఉన్న ఒకరు ముందుగా ఏరి పెట్టిన జాబితా నుంచి మొదలుపెట్టి, నచ్చనివి తీసేస్తూ నచ్చినవి చేర్చుకుంటూ పోవడం ఖాళీ తెరను నింపడం కన్నా ఎంతో సులువు. ఆ సంకలినుల వెనక మరో పాఠం కూడా ఉంది. ఆ రోజుల్లో కొన్ని తెలుగు దినపత్రికలు తమ సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంటు లేనిచోట అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపించేవి, వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపేందుకు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత వాడాల్సి వచ్చేది. ఫీడు పాఠాన్నే తెస్తుంది గానీ సైటు ఫాంటును వెంట తీసుకురాదు కాబట్టి అలాంటి అక్షరాలు అందులో చెల్లవు. బ్లాగులు యూనికోడ్‌లో ఉన్నాయి కనుకే సంకలినులు సాధ్యమయ్యాయి. అంటే పాఠకుడి తెర మీద పని తేలిక కావాలంటే ప్రచురించేవాళ్లు తమ వైపు పని సరిగ్గా చేసి ఉండాలి.

ఎదురయ్యే ప్రశ్నలు

ఇప్పుడు ఎదురయ్యే మొదటి అభ్యంతరం, ఇదంతా కాలం చెల్లిన వ్యవహారం కాదా అన్నది. అనుసరించాలంటే ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ చానెళ్లు ఉన్నాయి, అక్కడ ఒక్క నొక్కుతో పనైపోతుంది. నిజమే, అందుకే అవి గెలిచాయి. అనుసరించాలన్న కోరిక జనంలో ఎంత బలంగా ఉందో అవే చెబుతున్నాయి. కానీ ఆ నొక్కుకు ఎంత విలువ ఉంటుందో మన చేతుల్లో లేదు. 2016లో ట్విట్టర్ కాలక్రమాన్ని పక్కన పెట్టి తాను ఎంచినవి ముందు చూపడం మొదలుపెట్టింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ ఇకపై స్నేహితులు, కుటుంబ సభ్యుల పోస్టులకు ప్రాధాన్యమిస్తామని, పత్రికల, సంస్థల పోస్టులు తగ్గుతాయని ప్రకటించింది. ఆ పేజీలను ఇష్టపడి అనుసరించినవాళ్లను ఎవరూ అడగలేదు. ఉద్యోగ ప్రకటన కోసం ఎదురుచూసే అభ్యర్థికి ఈ తేడా చాలా పెద్దది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిత్రాలను నమ్మితే అందులో అసలేదో నకిలీ ఏదో తేల్చుకోవాలి. లేదంటే సైటును రోజూ తెరిచి చూడాలి. కేంద్ర ప్రభుత్వ ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో తన ప్రకటనలకు ఆర్‌ఎస్‌ఎస్ ఇస్తోంది. ప్రతి ప్రభుత్వ కార్యాలయమూ అలాగే ఇచ్చి, ఫోనులో దాన్ని అందుకోవడం ఒక్క నొక్కు పనైతే, మూలం నుంచే సమాచారం నేరుగా అభ్యర్థికి చేరుతుంది. నడుమ ఎవరి దయా అక్కర్లేదు.

రెండో అభ్యంతరం ప్రచురణకర్తలది. ఫీడులోనే అంతా చదివేస్తే సైటుకు ఎవరొస్తారు, ప్రకటనల ఆదాయం ఏమవుతుంది? ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. చాలా పత్రికలు శీర్షిక, రెండు వాక్యాలు మాత్రమే ఫీడులో పెట్టడానికి కారణమూ ఇదే. అయితే ఆ కత్తిరించిన ఫీడు కూడా పాఠకుడిని సైటుకు తెచ్చేదే. సామాజిక మాధ్యమాల్లో ఎవరో పంచుకుంటే యాదృచ్ఛికంగా వచ్చే పాఠకుడి కన్నా, పత్రికను పేరుపెట్టి ఎంచుకుని ఫీడు ద్వారా వచ్చే పాఠకుడు ఎక్కువ నిలకడైనవాడు. పాడ్‌కాస్ట్ రంగం మొత్తం కార్యక్రమాన్ని ఫీడులో ఇచ్చేస్తూనే, ప్రకటనలను కార్యక్రమంలోనే కలిపి ఆదాయం చూసుకుంటోంది. కాబట్టి డబ్బు దారి లేదనలేం. రాతపత్రికలు ఆ దారిని పెద్దగా వెతకలేదు, ఎందుకంటే ఫీడు పాఠకులు ఎప్పుడూ గుప్పెడు మందే. వాళ్లు ఎందుకు గుప్పెడయ్యారో పైన చూశాం.

మూడో అభ్యంతరం అన్నింటికన్నా బరువైనది, అది ఫీడ్లను ప్రేమించేవాళ్ల నుంచే వస్తుంది. సులభం కావాలంటే ఎవరో ఒకరు జాబితాలు పెట్టాలి, వెతికే చోటు పెట్టాలి, ఎక్కడో సర్వరు నడపాలి. అలా నడిపేవాడు పెద్దవాడై, ఒకరోజు దుకాణం కట్టేస్తే? ఇది ఊహ కాదు, జరిగినదే. 2005లో మొదలైన గూగుల్ రీడరు అప్పటిదాకా వచ్చినవాటిలో సులువైనది, ఉచితం. దాని ధాటికి పోటీదారుల్లో చాలామంది నిలవలేదు. 2013 మార్చి 13న, వాడకం తగ్గిందంటూ గూగుల్ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. లక్షకు పైగా జనం వద్దని విన్నపం మీద సంతకాలు చేసినా జులై 1తో దాని కథ ముగిసింది. అదే ఏడాది నవంబరు 1న, మై యాహూ లాంటిదే అయిన ఐగూగుల్ పేజీ కూడా పోయింది. తెలిసి ఫీడ్లు చదివేవాళ్ల తలుపు, తెలియకుండా చదివేవాళ్ల తలుపు ఒకే ఏడాదిలో మూతపడ్డాయి. కానీ ఈ కథకు రెండో సగం ఉంది. గూగుల్ ప్రకటించిన 48 గంటల్లో అయిదు లక్షలకు పైగా పాఠకులు తమ దగ్గరికి వచ్చారని ఫీడ్లీ అనే మరో రీడరు సంస్థ చెప్పింది. ఇన్నోరీడర్, న్యూస్‌బ్లర్, ది ఓల్డ్ రీడర్ వంటివాటికీ వలస సాగింది. సంవత్సరాల తరబడి పోగుచేసుకున్న జాబితాను జనం అంత వేగంగా ఎలా మార్చుకోగలిగారు? ఓపీఎంఎల్ అనే ఒక మామూలు ఫైలులో మన చందాల జాబితా అంతా దించుకుని ఇంకో రీడరులో ఎక్కించే వీలు ముందునుంచీ ఉంది కాబట్టి. ఫేస్‌బుక్‌లో అనుసరించిన పేజీలను ఇలా మూటగట్టుకుని మరో సామాజిక మాధ్యమానికి పట్టుకెళ్లే దారి లేదు. సులభం చేసేవాడి చేతిలో బందీ కాకుండా ఉండటానికి కావలసినది ఆ తలుపు తెరిచి ఉండటమే, సులభతరం చేయడం మానుకోవడం కాదు. అయితే ఆ తలుపు కూడా సామాన్యులకు కనిపించాలి. ఇప్పుడది చాలా రీడర్లలో సెట్టింగుల అడుగున, ఓపీఎంఎల్ ఎగుమతి అనే పేరుతో దాక్కుని ఉంటుంది. నా జాబితా నాకివ్వు అన్న తేట మాటతో ముందు పేజీలో ఉంటే ఎవరికైనా అర్థమవుతుంది.

అలవాటుపడ్డ పాఠకుల ఫిర్యాదు ఒకటి మిగిలింది, అన్నీ దాచేస్తే మా వసతులు పోతాయని. ఆ వసతులు ఎక్కడికీ పోనక్కర్లేదు. మొదటిసారి తెరిచినప్పుడు ఎదురయ్యేవి ఏవన్నదే ఇక్కడి ప్రశ్న. కీబోర్డు సత్వరమార్గాలు, వడపోత నియమాలు కావలసినవాళ్లు లోపలికి వెళ్లి తెరుచుకుంటారు, వాళ్లకు దారి తెలుసు. మరికొందరు జనానికి వివరించి చెబితే సరిపోతుందంటారు. 2020లో మాట్ వెబ్ అనే రూపకర్త ‘అబౌట్ ఫీడ్స్’ పేరుతో ఫీడ్లంటే ఏమిటో మొదటిసారి విన్నవాళ్లకు తేట మాటల్లో చెప్పే సైటు పెట్టారు. మంచి పని, నారింజరంగు గుర్తు పక్కన అలాంటి లింకు ఒకటి ఉండటం ఎంతో మేలు. కానీ పాడ్‌కాస్ట్ వినడానికి ఎవరికీ అలాంటి సైటు అవసరం పడలేదన్నది గుర్తుంచుకోవాలి. వివరణ అవసరమైనంత కాలం రూపకల్పన పూర్తికానట్టే.

చివరికి ఈ పని ఎవరిది? చిన్న రీడరు తయారీదారులు ఎంత చక్కగా చేసినా, సైటు చూస్తున్న క్షణంలో మనిషి చేతిలో ఉండేది బ్రౌజరు. అనుసరించాలన్న కోరిక పుట్టేదీ అక్కడే. కానీ బ్రౌజర్లు ఒక్కొక్కటే చేతులు దులుపుకున్నాయి. 2012లో ఆపిల్ సఫారి నుంచి ఆర్‌ఎస్‌ఎస్ తీసేసింది. ఫీడు శీర్షికలను బుక్‌మార్కుల్లో చూపే, మొదటి నుంచీ ఉన్న లైవ్ బుక్‌మార్కులను ఫైర్‌ఫాక్స్ 2018 డిసెంబరులో, వాడేవాళ్లు తక్కువ, నిర్వహణ బరువు ఎక్కువ అంటూ తొలగించింది. వాడుక తక్కువని తీసేయడం, తీసేశారు కాబట్టి వాడుక ఇంకా తగ్గడం, ఇదొక విషవలయం. దాన్నుంచి బయటపడే దారి 2021లో గూగుల్ క్రోమే చూచాయగా చూపింది. ఆండ్రాయిడ్‌లో ఒక ‘ఫాలో’ బటన్‌ను ప్రయోగాత్మకంగా పెట్టి, దాని వెనక ఆర్‌ఎస్‌ఎస్‌నే నడిపింది. ఆ ప్రయోగం ఎక్కడ ఆగినా, దాని రూపం మాత్రం సరైనది. బ్రౌజరు ఫీడును పసిగట్టాలి, ఒక్క బటన్ చూపాలి, నొక్కగానే ఫోనులో ఉన్న ఏ రీడరుకైనా ఆ చందాను అప్పగించాలి, రీడరు ఏదీ లేకపోతే తానే ఒక సాదా జాబితాగా చూపాలి. రీడరు తన వంతుగా బాకీ అంకెలు మానేసి, సైట్ల నడకను గమనించి అమర్చాలి, తెలుగులో మాట్లాడాలి, జాబితాను అడిగిన వెంటనే తిరిగివ్వాలి. ప్రచురణకర్తలు, ప్రభుత్వ కార్యాలయాలు ఫీడును సరిగ్గా ఉంచాలి. వీటిలో కొత్తగా కనిపెట్టాల్సినది ఒక్కటీ లేదు, అన్నీ ఎక్కడో ఒకచోట విడివిడిగా పనిచేస్తున్నవే. ఫీడు రీడరు సులభమైందా లేదా అని కొలవడానికి ఒక్క పరీక్ష చాలు. ఆర్‌ఎస్‌ఎస్ పేరు విననివాళ్ల చేతికి ఫోను ఇచ్చి, నచ్చిన సైటును అనుసరించమనండి. వాళ్లు ఎవరినీ ఏమీ అడగకుండా ఆ పని ముగిస్తే గెలిచినట్టు. ఆపిల్ ఆ పరీక్షను ఆడియో విషయంలో 2005లోనే నెగ్గింది, అక్షరాల విషయంలో నెగ్గకపోవడానికి ఇక చెప్పుకోదగ్గ సాకేదీ మిగల్లేదు.